గేమింగ్, స్ట్రీమింగ్‌కి ఒకే పీసీ: డబ్బు ఎక్కడ పెట్టాలి, ఎక్కడ తగ్గించాలి

పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మానిటర్ కాకుండా 85 వేలు పెట్టగలను. వాలరెంట్, జీటీఏ 5 రోల్‌ప్లే ఆడుతూ యూట్యూబ్‌లో లైవ్ పెట్టాలని ఉంది. షాపులో కోర్ ఐ7, 16 జీబీ ర్యామ్ ఒకే స్టిక్, జీటీఎక్స్ 1650 కార్డుతో కొటేషన్ ఇచ్చారు. స్ట్రీమింగ్ భారమంతా ప్రాసెసర్ మీదే, కార్డు చిన్నదైనా పర్లేదు అంటున్నారు. తీసుకోవచ్చా? (హనుమకొండ)

జవాబు: తీసుకోకండి. ప్రాసెసర్ మీదే భారం అన్న మాట ఒకప్పుడు నిజమే. లైవ్ పంపే సాఫ్ట్‌వేర్ ఓబీఎస్‌లో ఎక్స్264 పద్ధతిలో లైవ్ వీడియోని ప్రాసెసరే కుదించి పంపేది. ఆట నడపడం, వీడియో కుదించడం రెండూ దాని నెత్తినే పడేవి కాబట్టి ఎనిమిది కోర్లు, పన్నెండు కోర్లు అని వెతికేవాళ్లు. ఇప్పుడా పనికి గ్రాఫిక్స్ కార్డులోనే ప్రత్యేక భాగం ఉంది. ఎన్విడియా కార్డుల్లో దాన్ని ఎన్‌వెంక్ అంటారు. 2018లో ఆర్‌టీఎక్స్ 20 సిరీస్‌తో దాని నాణ్యత బాగా పెరిగింది. అప్పటినుంచి 1080పి లైవ్‌కి ప్రాసెసర్‌తో ఎన్‌కోడ్ చేయాల్సిన (వీడియో కుదించాల్సిన) అవసరం మామూలు స్ట్రీమర్‌కి లేదు. మీకు చెప్పిన జీటీఎక్స్ 1650లో వీ-ర్యామ్ (కార్డు సొంత మెమరీ) 4 జీబీయే. పైగా ఆ కార్డు మొదట వచ్చిన రకంలో ఎన్‌కోడర్ అంతకుముందు తరానిది. అంటే ఆటకీ, లైవ్‌కీ రెండింటికీ అవసరమైన చోటే ఆ కొటేషన్‌లో కోత పడింది.

ధరలు వారం వారం మారుతున్నాయి కాబట్టి రూపాయల్లో కాకుండా వాటాల్లో చెబుతాం. మొత్తంలో మూడో వంతుకు పైగా గ్రాఫిక్స్ కార్డుకి పోవాలి. మీ బడ్జెట్‌లో ఆర్‌టీఎక్స్ 5060 సరిపోతుంది. 8 జీబీ వీ-ర్యామ్, 145 వాట్లు. 1080పిలో మీరు చెప్పిన రెండు ఆటలకీ ఇది చాలు. కాస్త ఎక్కువ పెట్టగలిగితే రేడియాన్ ఆర్‌ఎక్స్ 9060 ఎక్స్‌టీ 16 జీబీ చూడండి. కొత్త పెద్ద ఆటల్లో టెక్స్‌చర్లు హై మీద పెడితే 8 జీబీ నిండిపోతుంది, పైన ఓబీఎస్ కూడా కొంత తీసుకుంటుంది. అలా నిండినప్పుడు సగటు ఫ్రేమ్‌రేట్ బాగానే కనిపిస్తూ మధ్యమధ్యలో ఆట ఆగి ఆగి నడుస్తుంది. 9060 ఎక్స్‌టీ, 5060 టీఐ రెండూ 8, 16 జీబీ రకాల్లో అదే పేరుతో అమ్ముతారు. పెట్టె మీద అంకె చూసి, బిల్లులోనూ రాయించుకోండి.

ప్రాసెసర్‌కి రైజెన్ 5 7600 చాలు. ఆరు కోర్లు, పన్నెండు థ్రెడ్లు. ఐ7కి పెట్టే అదనపు డబ్బు కార్డులో పెడితే ఫ్రేములుగా తిరిగొస్తుంది. జీటీఏ రోల్‌ప్లే సర్వర్లలో జనం, బండ్లు, మోడ్లు ఎక్కువై ప్రాసెసర్ మీద బరువు పడుతుంది, అక్కడ కూడా కోర్ల సంఖ్య కన్నా ఒక్కో కోర్ వేగమే అక్కరకొస్తుంది. దాంతోపాటే వచ్చే కూలర్ పని నడిపిస్తుంది కానీ లోడ్‌లో చప్పుడు చేస్తుంది, ఆ చప్పుడు మైక్‌లో పడుతుంది. 120 మిల్లీమీటర్ల ఫ్యాన్ ఉన్న సింగిల్ టవర్ ఎయిర్ కూలర్ ఒకటి వేయించండి. ఈ స్థాయిలో లిక్విడ్ కూలర్ దండగ.

బోర్డు బీ650ఎం రకం, నాలుగు ర్యామ్ స్లాట్లు ఉన్నా రెండే ఉన్నా తేడా లేదు. ఎందుకంటే ఏఎం5లో (ఈ ప్రాసెసర్ కూర్చునే సాకెట్) నాలుగు స్టిక్కులు వేస్తే రైజెన్ 7000కి ఏఎండీ అధికారికంగా చెప్పే వేగం 3600కి పడిపోతుంది. ర్యామ్ రెండు స్టిక్కుల్లోనే ముగించాలి. డీడీఆర్5 6000, సీఎల్30, 16 జీబీవి రెండు మంచి ఎంపిక. 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు విపరీతంగా పెరిగాయి కనక అది మీ బడ్జెట్‌లో పట్టకపోవచ్చు. అప్పుడు రెండు దారులు. కొన్ని నెలల్లో రెండోది కొనగలమనుకుంటే ఇప్పుడు 16 జీబీ ఒక్కటే తీసుకోండి, తర్వాత అదే కంపెనీ అదే మోడల్ రెండోది వేయండి. అప్పటిదాకా సింగిల్ చానెల్‌లో నడుస్తుంది కాబట్టి వాలరెంట్ లాంటి ఆటల్లో ఫ్రేములు తగ్గుతాయి. ఇంక కొనేది లేదనుకుంటే 8 జీబీవి రెండు వేసి, లైవ్‌లో ఉన్నప్పుడు క్రోమ్‌లో ట్యాబులు మూసేసి సర్దుకోండి.

ఎస్‌ఎస్‌డీ 1 టీబీ ఎన్‌వీఎంఈ. డీర్యామ్ లేని జెన్ 4 రకం ఆటలకి చాలు. క్యాబినెట్‌తో ఉచితంగా వచ్చే ఎస్‌ఎంపీఎస్ (పార్టులకి కరెంటు అందించే పెట్టె) మాత్రం వద్దే వద్దు. దాని మీద 450 అనో 500 అనో రాసి ఉంటుంది. పక్కన అంటించిన పట్టికలో 12 వోల్ట్‌ల లైన్‌కి ఎన్ని ఆంపియర్లో చూడండి. ఆంపియర్లని 12తో గుణిస్తే అసలు బలం తెలుస్తుంది. మీ సిస్టమ్ మొత్తం కలిపి గట్టి లోడ్‌లో 300 వాట్ల చుట్టూ లాగుతుంది. మంచి కంపెనీది 80 ప్లస్ బ్రాంజ్, 550 వాట్లు సరిపోతుంది. రేపు పెద్ద కార్డు వేసే ఆలోచన ఉంటే 650. కనీసం ఐదేళ్ల వారంటీ ఉన్నదే తీసుకోండి. బడ్జెట్ దాటితే ఆర్‌జీబీ ఫ్యాన్లు తీసేయండి, గ్లాస్ క్యాబినెట్ తీసేయండి, ర్యామ్ తాత్కాలికంగా తగ్గించండి. ఎస్‌ఎంపీఎస్ జోలికి పోవద్దు. అది పోతే ఒక్కటే పోదు.

ఇంకో మాట: వాలరెంట్ విండోస్ 11లో నడవాలంటే బయోస్‌లో టీపీఎం 2.0, సెక్యూర్ బూట్ రెండూ ఆన్‌లో ఉండాలి. షాపులో పాత పద్ధతిలో ఎంబీఆర్ డిస్కు మీద విండోస్ వేసిస్తే సెక్యూర్ బూట్ ఆన్ చేయగానే సిస్టమ్ బూట్ కాదు. జీపీటీ మీద వేయమని ముందే చెప్పండి.

ప్రశ్న: ఆర్‌ఎక్స్ 6500 ఎక్స్‌టీ తక్కువలో దొరుకుతోంది. లైవ్‌కి పనికొస్తుందా? (ఖమ్మం)

జవాబు: పనికిరాదు. ఆ కార్డులోనూ, దాని తమ్ముడు 6400లోనూ వీడియో ఎన్‌కోడరే లేదు. లైవ్ పెడితే భారమంతా ప్రాసెసర్ మీదకి పోతుంది. ఎన్విడియాలో జీటీ 1030 పరిస్థితీ అంతే. పైగా 6500 ఎక్స్‌టీ నాలుగు పీసీఐఈ లేన్లతోనే (కార్డుకీ బోర్డుకీ మధ్య డేటా దారులు) పనిచేస్తుంది కాబట్టి పాత 3.0 బోర్డులో ఇంకా నెమ్మదిస్తుంది. ఆర్‌టీఎక్స్ 3050 కొనాలనుకుంటే అందులో రెండు రకాలున్నాయని గుర్తుంచుకోండి. 6 జీబీ రకంలో మెమరీయే కాదు, కోర్లు కూడా 8 జీబీ దానికన్నా తక్కువ. ఎన్‌కోడర్ మాత్రం రెండింట్లోనూ ఉంది.

ప్రశ్న: డీడీఆర్5 ధర చూసి వెనక్కి తగ్గాను. నా దగ్గర పాత పీసీలోవి డీడీఆర్4 3200, 8 జీబీ స్టిక్కులు రెండున్నాయి. రైజెన్ 5 5600తో పాత సాకెట్ ఏఎం4 వేసుకుంటే తర్వాత బాధపడతానా? (గుంటూరు)

జవాబు: చేతిలో మంచి డీడీఆర్4 ఉన్నవాళ్లకి ఈ రోజుల్లో ఏఎం4 తెలివైన లెక్కే. ఆ ర్యామ్ విలువ కార్డుకి మళ్లించండి. కోల్పోయేది ఒక్కటే: ఈ సాకెట్‌లో ముందుకు పోయే దారి దాదాపు ముగిసింది. ఏఎం5కి 2027 దాకానైనా కొత్త ప్రాసెసర్లు వస్తాయని ఏఎండీ మాటిచ్చింది, అక్కడ మూడేళ్ల తర్వాత చిప్ ఒక్కటే మార్చుకోవచ్చు. మీరైతే అప్పుడు బోర్డు, ర్యామ్, ప్రాసెసర్ మూడూ మార్చాలి.

ఏఎం4లో జాగ్రత్త పడాల్సింది బోర్డు దగ్గర. ఆర్‌టీఎక్స్ 5060, 4060, ఆర్‌ఎక్స్ 7600 లాంటి కార్డులు ఎనిమిది లేన్లే వాడతాయి. ఏ520, బీ450 బోర్డుల్లో స్లాట్ పీసీఐఈ 3.0. అక్కడ ఎనిమిది లేన్ల కార్డుకి దారి సగానికి సగం సన్నబడుతుంది. వీ-ర్యామ్ నిండినప్పుడు ఆ లోటు బాగా తెలుస్తుంది. కాబట్టి బీ550 తీసుకోండి. రైజెన్ 5 5500, 5600జీ పేర్లు 5600కి దగ్గరగా ఉన్నా రెండూ 3.0 దగ్గరే ఆగిపోతాయి, ఎల్3 క్యాష్ కూడా 32 ఎంబీకి బదులు 16 ఎంబీయే. షాపులో "అదే, ఇదీ అదే" అని 5500 అంటగడితే ఒప్పుకోకండి. 5600లో లోపల గ్రాఫిక్స్ ఉండదు. కార్డు లేకుండా తెర వెలగదు.

ఇంటెల్ వైపు చూస్తే కోర్ ఐ5-12400ఎఫ్ డీడీఆర్4 బోర్డు మీద ఇప్పటికీ మంచి ప్రాసెసర్. 13, 14 తరాలవి కొంటే మొదటి రోజే బయోస్ అప్‌డేట్ చేయించండి. ఆ తరాల్లో చాలా చిప్పులు అవసరానికి మించిన వోల్టేజీ అందుకుని క్రమంగా దెబ్బతినే సమస్యకి ఇంటెల్ 2024లో మైక్రోకోడ్ సవరణలు ఇచ్చింది. అవి బయోస్ ద్వారానే వస్తాయి.

ప్రశ్న: ఆర్‌టీఎక్స్ 4060, 12400ఎఫ్, 16 జీబీ. ఆట నాకు 140 ఎఫ్‌పీఎస్‌లో నున్నగా నడుస్తోంది. చూసేవాళ్లు మాత్రం లైవ్ కుదుపులు కుదుపులుగా వస్తోందంటున్నారు. కార్డు మార్చాలా? (అనంతపురం)

జవాబు: ఏమీ కొనొద్దు, ముందు ఓబీఎస్‌లో స్టాట్స్ విండో తెరిచి ఒక పావుగంట లైవ్ నడపండి. అక్కడ మూడు వరుసలుంటాయి. లైవ్ ఆగడానికి మూడు వేర్వేరు కారణాలు, వాటికి మూడు వేర్వేరు మందులు.

రెండరింగ్ లాగ్ వల్ల పోయిన ఫ్రేములు పెరుగుతుంటే గ్రాఫిక్స్ కార్డుకి ఊపిరాడటం లేదని అర్థం. మీరు చెప్పిన లక్షణాలకి ఎక్కువగా కారణం ఇదే. ఎన్‌కోడ్ చేసే భాగం వేరే ఉన్నా, ఆట దృశ్యం, వెబ్‌క్యామ్, అలర్టులు, ఓవర్లేలు అన్నీ కలిపి ఒక చిత్రంగా కూర్చే పని మాత్రం కార్డులోని మామూలు కోర్లదే. ఆట కార్డుని 99 శాతం లాగేస్తే ఆ కూర్పుకి వంతు రాదు. మీ తెర మీద ఆట బాగుంటుంది, లైవ్ చెడుతుంది. మందు చిన్నదే. ఆటలో ఫ్రేమ్ పరిమితి పెట్టండి. 140 వస్తుంటే 120 దగ్గర ఆపండి. కార్డు వాడకం 90 శాతం చుట్టూ ఉండేలా చూడండి. ఓబీఎస్‌ని అడ్మినిస్ట్రేటర్‌గా తెరిస్తే విండోస్ దానికి కార్డులో ముందు వంతు ఇస్తుంది. డిస్‌ప్లే క్యాప్చర్ బదులు గేమ్ క్యాప్చర్ వాడండి. కదిలే అలర్టుల కోసం పెట్టిన బ్రౌజర్ సోర్సుల్లో వాడనివి తీసేయండి.

ఎన్‌కోడింగ్ లాగ్ వల్ల పోయినవి పెరుగుతుంటే సెట్టింగులు బరువయ్యాయి. అవుట్‌పుట్‌లో ఎన్‌కోడర్ ఎక్స్264 మీద ఉందేమో మొదట చూడండి, ఉంటే ఎన్‌వెంక్ హెచ్.264కి మార్చండి. ప్రీసెట్ పీ5, రేట్ కంట్రోల్ సీబీఆర్, కీఫ్రేమ్ 2 సెకన్లు, బీ-ఫ్రేములు 2, లుక్-అహెడ్ ఆఫ్. ఇంకా లాగ్ ఉంటే పీ4కి దిగండి. తేడా కంటికి ఆనదు.

మూడో వరుస నెట్‌వర్క్ వల్ల రాలిన ఫ్రేములు. దీనికీ కంప్యూటర్‌కీ సంబంధం లేదు. యూట్యూబ్ 1080పి 60కి హెచ్.264లో 12 ఎంబీపీఎస్ సూచిస్తుంది, ట్విచ్‌లో 6 ఎంబీపీఎస్ వాడతారు. అప్‌లోడ్ వేగం మీరు పంపే బిట్‌రేట్‌కి ఒకటిన్నర రెట్లయినా ఉండాలి. అంటే 12 పంపాలంటే స్థిరంగా 18 రావాలి. స్పీడ్ టెస్టులో డౌన్‌లోడ్ 100 కనిపించిందని మురిసిపోవద్దు, కింద ఉన్న అప్‌లోడ్ అంకె చూడండి. అదీ మీరు లైవ్ పెట్టే రాత్రి తొమ్మిది, పది గంటలప్పుడు చూడాలి. వైఫై బదులు రౌటర్ నుంచి క్యాట్ 6 కేబుల్ లాగండి. అప్‌లోడ్ తక్కువైతే 6 ఎంబీపీఎస్‌తో 720పి 60 పంపండి. తక్కువ బిట్‌రేట్‌లో 1080పి పంపితే కదలిక వచ్చినప్పుడల్లా గడులు గడులుగా పగిలిపోతుంది. చూసేవాడికి 720పియే మేలు.

మీ కార్డు ఏవీ1లో (హెచ్.264 కన్నా కొత్త కుదింపు పద్ధతి) కూడా ఎన్‌కోడ్ చేయగలదు, యూట్యూబ్ తీసుకుంటుంది. తక్కువ అప్‌లోడ్‌లో మంచి బొమ్మ కావాలంటే ఓబీఎస్‌లో ఏవీ1 పెట్టి 6 నుంచి 8 ఎంబీపీఎస్ ప్రయత్నించండి.

ప్రశ్న: ఇంట్లో ఇన్వర్టర్ ఉంది. కరెంటు పోయిన ప్రతిసారీ లైట్లు, ఫ్యాన్లు ఆగవు కానీ పీసీ రీస్టార్ట్ అవుతుంది. పైగా క్యాబినెట్ ముట్టుకుంటే జివ్వుమంటుంది. ఎస్‌ఎంపీఎస్ మార్చాలా? (రాజమహేంద్రవరం)

జవాబు: రెండూ వేర్వేరు సమస్యలు. రెండింట్లోనూ ఎస్‌ఎంపీఎస్ తప్పు లేకపోవచ్చు.

కరెంటు తెగాక ఎస్‌ఎంపీఎస్ తనలో దాచుకున్న శక్తితో సుమారు 16, 17 మిల్లీసెకన్లు నిలబడుతుంది, నాసిరకానివి అంతకూడా ఆగవు. ఆలోపు వేరే సరఫరా రావాలి. ఇంటి ఇన్వర్టర్ వెనక సాధారణంగా ఒక స్విచ్ ఉంటుంది, యూపీఎస్ మోడ్, నార్మల్ లేదా ఎకో మోడ్ అని. నార్మల్‌లో మారడానికి 40 మిల్లీసెకన్ల దాకా పట్టొచ్చు. ఫ్యాన్ ఆ లోటు గమనించదు, కంప్యూటర్ గమనిస్తుంది. ముందు ఆ స్విచ్ యూపీఎస్ వైపు వేసి చూడండి. చాలా ఇళ్లలో సమస్య అక్కడితో తీరుతుంది. తీరకపోతే, లేదా మీది స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ అయితే, పీసీని దాని మీద నడపకండి. ఇప్పటి మంచి ఎస్‌ఎంపీఎస్‌లలో యాక్టివ్ పీఎఫ్‌సీ ఉంటుంది. దానికి నునుపైన సైన్ వేవ్ కావాలి. స్క్వేర్ వేవ్ మీద అది గీమంటుంది, వేడెక్కుతుంది, ఒక్కోసారి పడిపోతుంది.

విడిగా యూపీఎస్ కొనేటప్పుడు వీఏ కాదు, వాట్లు చూడండి. 600 వీఏ అంటే మామూలుగా 360 వాట్లే. గేమింగ్ పీసీ 300, మానిటర్ 30, రౌటర్ కలిపితే అంచు మీద ఉంటారు. ఆట మధ్యలో కరెంటు పోతే యూపీఎస్ ఓవర్‌లోడ్ అని కూత పెట్టి ఆగిపోతుంది. 1000 వీఏ, 600 వాట్లది తీసుకోండి. గట్టి లోడ్‌లో అది కొద్ది నిమిషాలే నిలుస్తుంది. లైవ్ ముగించి షట్‌డౌన్ చేయడానికి, లేదా ఇన్వర్టర్ అందుకునేదాకా నెగ్గుకురావడానికి ఆ కాస్త చాలు. రౌటర్‌నీ, ఫైబర్ పెట్టెనీ దానికే తగిలించండి, పీసీ నిలబడి నెట్ పోతే లైవ్ పోయినట్టే కదా.

జివ్వుమనడం ఎర్తింగ్ లోపం. ఎస్‌ఎంపీఎస్ ముందు భాగంలో ఉండే ఫిల్టర్ కెపాసిటర్ల నుంచి అతి కొద్ది కరెంటు క్యాబినెట్‌కి చేరుతుంది. ఎర్త్ వైరు ఉంటే అది నేలలోకి పోతుంది. లేకపోతే మీ వేలి గుండా పోతుంది. మైక్‌లో హమ్ శబ్దం, క్యాప్చర్ కార్డు (బయటి వీడియోని పీసీలోకి తెచ్చే పరికరం) పాడవడం దీనివల్లే చాలాసార్లు జరుగుతాయి. టూ పిన్ అడాప్టర్ వాడుతుంటే ఇవాళే తీసేయండి. ఎలక్ట్రీషియన్‌ని పిలిచి న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య వోల్టేజీ కొలిపించండి. ఒకటి రెండు వోల్టులుంటే సరే. పది దాటితే ఎర్త్ గుంత, వైరింగ్ చూడాలి. దీన్ని వాయిదా వేయొద్దు. ఇది పీసీ సంగతి మాత్రమే కాదు, ఇంట్లోవాళ్ల ప్రాణాల సంగతి.

ప్రశ్న: నేను ఫోన్‌లోనే బీజీఎంఐ ఆడతాను. లైవ్ మాత్రం పీసీ నుంచి పెట్టాలి. గేమింగ్ పీసీ కావాలా? (నిజామాబాద్)

జవాబు: అక్కర్లేదు. ఆట ఫోన్ ఆడుతోంది, పీసీ పని బొమ్మ అందుకుని పంపడమే. ఐ5-12400 (ఎఫ్ లేనిది) తీసుకుంటే లోపలి గ్రాఫిక్స్‌లోనే క్విక్‌సింక్ ఎన్‌కోడర్ ఉంటుంది, విడి కార్డు లేకుండానే 1080పి 60 లైవ్ నడుస్తుంది. 16 జీబీ ర్యామ్, 500 జీబీ ఎస్‌ఎస్‌డీ చాలు. పీసీలో ఎమ్యులేటర్ మీద బీజీఎంఐ ఆడే ఆలోచన మాత్రం పెట్టుకోకండి, ఖాతా బ్యాన్ అయ్యే ప్రమాదం ఉంది.

మిగిలిన డబ్బు క్యాప్చర్ కార్డులో పెట్టండి. ముందు మీ ఫోన్ యూఎస్‌బీ-సీ నుంచి వీడియో బయటికి ఇస్తుందో లేదో చూసుకోవాలి. దానికి డిస్‌ప్లేపోర్ట్ ఆల్ట్ మోడ్ ఉండాలి. మధ్యరకం ధరల్లో చాలా ఫోన్లకి అది లేదు, పోర్టు ఆకారం ఒకటే అయినా లోపల యూఎస్‌బీ 2.0 మాత్రమే ఉంటుంది. శాంసంగ్ ఎస్ సిరీస్ ఫోన్లలోనూ, ఐఫోన్ 15 నుంచీ ఉంది. ఫోన్ స్పెసిఫికేషన్లలో ఆ మాట కనిపించకపోతే హెచ్‌డీఎంఐ అడాప్టర్ కొన్నా తెర నల్లగానే ఉంటుంది.

వెయ్యి రూపాయల లోపు దొరికే క్యాప్చర్ పుల్లల మీద 4కే అని రాసి ఉంటుంది. అది లోపలికి తీసుకోగల సిగ్నల్ మాత్రమే. యూఎస్‌బీ 2.0 మీద పీసీకి ఇచ్చేది 1080పి 30 ఫ్రేములు, లేదా 720పి 60. షూటింగ్ ఆటకి 30 చాలదు. యూఎస్‌బీ 3.0 మీద 1080పి 60 ఇస్తుందని స్పష్టంగా రాసినదే కొని, పీసీ వెనకవైపు నీలం పోర్టుకి నేరుగా పెట్టండి. హబ్ మధ్యలో వద్దు. గొంతు, బొమ్మ కలవకపోతే ఓబీఎస్‌లో మైక్‌కి సింక్ ఆఫ్‌సెట్ ఇవ్వండి. 100 మిల్లీసెకన్ల దగ్గర మొదలుపెట్టి చప్పట్లు కొట్టి సరిచూసుకోండి.

ప్రశ్న: మైక్‌లో సీలింగ్ ఫ్యాన్ చప్పుడే వినిపిస్తోంది. (ఏలూరు)

జవాబు: కండెన్సర్ మైక్ గదంతా వింటుంది. డైనమిక్ మైక్‌కి మారి, నోటికి జానెడు కన్నా దగ్గరగా పెట్టి, గెయిన్ తగ్గించండి. డబ్బు పెట్టకుండా అయితే ఓబీఎస్‌లో మైక్‌కి నాయిస్ సప్రెషన్ ఫిల్టర్ వేసి ఆర్‌ఎన్‌నాయిస్ ఎంచుకోండి, ఫ్యాన్ లాంటి ఒకే తీరు చప్పుడుని బాగా తీసేస్తుంది. మైక్, విండోస్, ఓబీఎస్ మూడింట్లోనూ 48 కిలోహెర్ట్‌జ్ పెట్టండి. 44.1, 48 కలగలిస్తే గంట గడిచేసరికి శబ్దం వెనకబడటమో, చిటపటలాడటమో జరుగుతుంది.

ప్రశ్న: ఎండాకాలం మా గదిలో 38 డిగ్రీలు. ఏసీ లేదు. గంట ఆడితే ఫ్రేములు పడిపోతున్నాయి. (రామగుండం)

జవాబు: గది 38 ఉంటే లోపలి పార్టులు ఏసీ గది కన్నా పన్నెండు, పదమూడు డిగ్రీలు ఎక్కువలోనే మొదలవుతాయి. దాన్ని ఏ కూలరూ మార్చలేదు, గాలి తిరగడమొక్కటే మన చేతిలో ఉంది. పీసీ కంప్యూటర్ టేబుల్ కింద చెక్క గూట్లో ఉంటే బయటికి తీయండి. అక్కడ తాను వదిలిన వేడిగాలినే మళ్లీ పీలుస్తుంది. ముందు గ్లాసు ఉన్న క్యాబినెట్ అయితే ఆ పలక తీసి ఒకరోజు ఆడి చూడండి. ఉష్ణోగ్రత ఐదు డిగ్రీలకు మించి దిగితే క్యాబినెట్టే దోషి. జాలీ ముఖం ఉన్నది, ముందు రెండు ఫ్యాన్లు లోపలికి, వెనక ఒకటి బయటికి. కూలర్ దుమ్ము రెండు నెలలకోసారి బ్లోయర్‌తో ఊదండి. ఊదేటప్పుడు ఫ్యాన్ రెక్కలు తిరగకుండా వేలితో పట్టుకోండి. రైజెన్ 7600 గరిష్ఠం 95 డిగ్రీలు, 5600కి 90. ఆ అంకెలు తాకితేనే వేగం తగ్గించుకుంటాయి. దాని కింద 80 కనిపించినా కంగారు పడక్కర్లేదు. ఫ్రేమ్ పరిమితి ఇక్కడా పనిచేస్తుంది, 144 నుంచి 100కి దించితే కార్డు వాడే వాట్లు బాగా తగ్గుతాయి.

ప్రశ్న: తమ్ముడి కోసం ఇక్కడ కార్డు, ఎస్‌ఎంపీఎస్ కొని పంపితే లాభమా? (డల్లాస్)

జవాబు: కార్డుల వారంటీ చాలా కంపెనీల్లో కొన్న దేశానికే పరిమితం. పాడైతే తిరిగి అమెరికా పంపాలి. ధర తేడా గణనీయంగా ఉంటేనే ఆలోచించండి, కొనేముందు ఆ కంపెనీ భారత్ వారంటీ షరతు చదవండి. ఎస్‌ఎంపీఎస్ పంపొద్దు. 100-240 వోల్టులు అని రాసి ఉంటే ఇక్కడ పనిచేస్తుంది కానీ అంత బరువు మోసుకొచ్చినందుకు మిగిలేది లేదు. ఇక్కడ కొనేటప్పుడు, సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో అయినా ఆన్‌లైన్‌లో అయినా, జీఎస్‌టీ బిల్లులో ప్రతి పార్టు సీరియల్ నంబరు ఉండాలని తమ్ముడికి చెప్పండి. బిల్లు లేకుండా తగ్గించి ఇచ్చే దిగుమతి సరుకుకి ఇక్కడా వారంటీ దొరకదు.

ప్రశ్న: రైజెన్ 7600, బీ650ఎం, ఆర్‌టీఎక్స్ 5060 ఇంట్లోనే బిగించాను. ఫ్యాన్లు తిరుగుతున్నాయి, తెర మీద ఏమీ లేదు. (శ్రీకాకుళం)

జవాబు: ముందు పది నిమిషాలు ఏమీ చేయకుండా వదిలేయండి. ఏఎం5 బోర్డు మొదటిసారి ఆన్ చేసినప్పుడు డీడీఆర్5 ర్యామ్‌ని పరీక్షించుకుంటుంది. చాలా నిమిషాలు నల్ల తెరే ఉంటుంది. మధ్యలో ఆపేస్తే మళ్లీ మొదటికి వస్తుంది. చాలామంది ఇక్కడే భయపడి బోర్డు వాపసు ఇస్తారు.

అప్పటికీ రాకపోతే బోర్డు మీద సీపీయూ, డీర్యామ్, వీజీఏ, బూట్ అని నాలుగు చిన్న లైట్లున్నాయేమో చూడండి. ఏది ఆగిపోయి వెలుగుతుంటే తప్పు అటువైపు. సీపీయూ లైటయితే పైన ఎడమ మూల 8 పిన్ పవర్ కేబుల్ పెట్టారో లేదో చూడండి. ఎస్‌ఎంపీఎస్ నుంచి వచ్చే రెండు రకాల 8 పిన్ కేబుళ్లు దగ్గరగా కనిపిస్తాయి. ప్రాసెసర్‌ది నాలుగు, నాలుగుగా చీలుతుంది, గ్రాఫిక్స్ కార్డుది ఆరు, రెండుగా చీలుతుంది. బలవంతంగా తోస్తే బోర్డు పోతుంది. డీర్యామ్ లైటయితే స్టిక్కులు ప్రాసెసర్ నుంచి లెక్కపెట్టి రెండు, నాలుగు స్లాట్లలో ఉండాలి. రెండు చివర్లా క్లిప్ పడిన చప్పుడు వచ్చేదాకా నొక్కండి. ఒక్క స్టిక్ రెండో స్లాట్‌లో పెట్టి చూడండి. వీజీఏ లైటయితే కార్డు తీసేసి హెచ్‌డీఎంఐ బోర్డుకే పెట్టండి, 7600లో లోపలి గ్రాఫిక్స్ ఉంది కనక తెర రావాలి. వస్తే తప్పు కార్డుదో, దాని పవర్ కేబుల్‌దో. లోపలి గ్రాఫిక్స్ లేని ఎఫ్ రకం ప్రాసెసర్ కొన్నవాళ్లకి ఈ పరీక్ష చేసే వీలుండదు. 7500ఎఫ్ బదులు 7600 కొనమనడానికి ఇదొక కారణం.

తెర వచ్చాక బయోస్‌లోకి వెళ్లి ఎక్స్‌పో ఆన్ చేయండి. లేదంటే 6000 ర్యామ్ 4800 దగ్గరే నడుస్తూ ఉంటుంది. రీసైజబుల్ బార్ ఆన్‌లో ఉందో లేదో చూడండి. మానిటర్ కేబుల్‌ని మళ్లీ గ్రాఫిక్స్ కార్డుకి మార్చి, విండోస్ డిస్‌ప్లే సెట్టింగుల్లో 144 హెర్ట్‌జ్ ఎంచుకోండి. విండోస్ ఒక్కోసారి తనంతట తాను 60 దగ్గరే ఉంచేస్తుంది.